పాత పత్రికల వేట – మూడో పాఠం: అట్ట పోయిన సంచికకు వయసు కట్టడం

పోయిన రెండు పాఠాల్లో ఏ పత్రిక సేకరించాలో తేల్చుకున్నాం. మన దగ్గర ఏ నెలవి ఉన్నాయో, ఏవి లేవో చూపించే పట్టీ కూడా రాసుకున్నాం. పట్టీలో ఖాళీ గళ్ళు కనిపించగానే సంచీ పట్టుకుని బయలుదేరాలనిపిస్తుంది. ఒక్క పాఠం ఆగండి. శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా పాత పేపర్ల కొట్టులో, ఇళ్ళ అటకల మీద దొరికే సంచికల్లో చాలావాటికి అట్ట ఉండదు. అట్టతోపాటే నెల, సంవత్సరం కూడా పోతాయి. అది మీకు కావలసిన సంచికో కాదో అక్కడే, ఆ దుమ్ములోనే, రెండు నిమిషాల్లో తేల్చుకోగలగాలి. ఈ పాఠమంతా దాని గురించే.

అట్టలు ఎందుకు పోతాయో ముందు తెలుసుకుందాం. పన్నెండు సంచికలు కలిపి బైండు చేయించినప్పుడు బైండరు అట్టలు తీసేసేవాడు, ప్రకటనల పేజీలు కూడా. పైగా అంచులు సమానం చేయడానికి కత్తెర వేసేవాడు. దాంతో కొన్నిసార్లు పేజీ నంబర్లే ఎగిరిపోతాయి. ఇంకో కారణం బొమ్మలు. ‘చందమామ’కు, ‘యువ’కు ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలో పుట్టినవారే. ‘వపా’ అనే సంతకమున్న అట్టను కత్తిరించి దాచుకోని బొమ్మల ప్రేమికుడు ఉంటాడా! అట్ట లేదని సంచికను పక్కన పడేయకండి. లోపలి కథలు, శీర్షికలు, ఉత్తరాలు అన్నీ ఉంటే మన పట్టీలో గడి నిండినట్టే. అట్ట తర్వాత విడిగా దొరకవచ్చు.

మొదట చూడవలసింది ధర. అట్ట పోయినా లోపల చందా వివరాలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. ధర అణాల్లో మాత్రమే ఉంటే ఆ సంచిక దాదాపుగా 1957కు ముందుది. ‘న.పై.’ అని ఉంటే నయాపైసలు, అంటే 1957 – 1964 మధ్యది. 1964 జూన్ నుంచి ‘నయా’ పోయి ఒట్టి పైసలు మిగిలాయి. అణాలూ నయాపైసలూ రెండూ పక్కపక్కనే ఉంటే మారకం జరుగుతున్న మొదటి రోజులవని అర్థం.

తర్వాత చిరునామా. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ‘మద్రాసు-26’ అని మాత్రమే ఉంటే అంతకుముందుది కావచ్చు, ‘మద్రాసు-600 026’ అని ఉంటే కచ్చితంగా ఆ తర్వాతది. ఈ రెండు మాటల్లో తేడా గమనించండి. కొత్త పద్ధతి కనిపిస్తే అది సాక్ష్యం. పాత పద్ధతి కనిపిస్తే అది అనుమానం మాత్రమే, ఎందుకంటే ప్రకటనదారులు పాత అచ్చు బ్లాకులనే ఏళ్ళ తరబడి వేయించేవారు. ఒక సంచికలో ఎన్ని ఆధారాలు దొరికినా అన్నిటికన్నా కొత్తదానినే నమ్మాలి. నేను నేర్పగలిగినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే అనుకుంటాను.

ఇక తెలుగు సంవత్సరం పేరు. పాత మాసపత్రికల్లో, ముఖ్యంగా సాహిత్య పత్రికల్లో, ఇంగ్లీషు నెలకు బదులు ‘వికారి నామ సంవత్సర ఫాల్గుణం’ వంటి మాటే ఉంటుంది. చాలామందికి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. అవసరం లేదు. అరవై సంవత్సరాల పేర్లు వరసగా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ప్రభవ ఒకటి, విభవ రెండు, అలా అక్షయ అరవై. మనకు కావలసిన చక్రం 1927లో ప్రభవతో మొదలై 1987లో ముగిసింది. పేరు ఎన్నోదో చూసి దానికి 1926 కలిపితే ఆ సంవత్సరం ఉగాది వచ్చిన ఇంగ్లీషు ఏడాది తెలుస్తుంది. వికారి ముప్పై మూడోది. 33కు 1926 కలిపితే 1959. కానీ ఫాల్గుణం ఆ తెలుగు సంవత్సరానికి చివరి నెల కాబట్టి అది 1960 ఫిబ్రవరి – మార్చిలో పడుతుంది. పుష్యం, మాఘం, ఫాల్గుణం కనిపిస్తే ఒక ఏడాది ముందుకు జరపడం గుర్తుపెట్టుకోండి. పుష్యం ఒక్కోసారి డిసెంబరులోనే మొదలవుతుంది, దాన్ని మరొక ఆధారంతో సరిచూసుకోవాలి.

1927కు ముందరి పత్రికైతే 1926 బదులు 1866 కలపాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్థాపించిన ‘భారతి’ తొలి సంచికనే తీసుకోండి. అది రుధిరోద్గారి పుష్యం. రుధిరోద్గారి యాభై ఏడోది. 57కు 1866 కలిపితే 1923, నెల పుష్యం కాబట్టి 1924 జనవరి. ‘భారతి’ మొదలైంది సరిగ్గా అప్పుడే. ఇలా నాలుగైదు లెక్కలు మీరే వేసి చూడండి, చేయి తిరుగుతుంది.

సంపుటి, సంచిక నంబర్లు దొరికితే సంతోషమే కానీ తొందరపడకండి. కొన్ని పత్రికలు ఏడాదికో సంపుటి లెక్కించాయి, కొన్ని ఆరు నెలలకో సంపుటి. తేదీ కచ్చితంగా తెలిసిన రెండు సంచికలు పక్కన పెట్టుకుని ఆ పత్రిక పద్ధతి ఏమిటో తేల్చుకున్నాకే ఆ నంబర్లతో లెక్క కట్టండి.

ఎవరూ పట్టించుకోని ఆధారం ఒకటుంది. 1956 నాటి నిబంధనల ప్రకారం ప్రతి పత్రికా ఏటా తన యజమాని, ప్రచురణకర్త, సంపాదకుల వివరాలను ‘ఫారం 4’ అనే ప్రకటనగా వేయవలసి ఉండేది, అదీ ఫిబ్రవరి చివరి రోజు తర్వాత వచ్చే మొదటి సంచికలో. చిన్న అక్షరాల్లో, ఏ మూలనో, బోరు కొట్టించే ఆ ప్రకటన కనిపిస్తే అది దాదాపుగా మార్చి సంచికే. కింద తేదీ కూడా ఉంటుంది. అట్ట పోయిన పత్రికకు అంతకన్నా మంచి జన్మపత్రం లేదు.

‘చందమామ’ సేకరించేవాళ్ళు ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ వెతకాలి. వ్యాఖ్యలు ఏ తేదీలోపు చేరాలో, ఫలితాలు ఏ నెల సంచికలో వస్తాయో అక్కడే రాస్తారు. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే చేతిలో ఉన్నది ఏ నెలదో తెలిసిపోతుంది. సినిమా ప్రకటనలూ సాయపడతాయి. ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. దాన్ని రాబోయే చిత్రంగా చూపించే ప్రకటన ఉంటే సంచిక అంతకుముందుది. వారపత్రికలైతే వారఫలాల శీర్షిక పక్కనే తేదీలు ఉంటాయి.

ఇవన్నీ విఫలమైతే మన జిల్లావాళ్ళకు ఇంకొక దారి ఉంది, అది మన అదృష్టం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయం వెబ్‌సైట్‌లో కథ పేరు, రచయిత పేరు, అచ్చయిన పత్రిక, తేదీ జాబితాగా ఉంటాయి. మీ సంచికలో ఉన్న ఏదో ఒక కథ పేరు, రచయిత పేరు పట్టుకుని వెతకండి. ఒక కథ చిక్కితే మిగతా సంచికంతా చిక్కినట్టే. ఒకే కథ వేరే పత్రికలో మళ్ళీ అచ్చయి ఉండవచ్చు కనుక రెండో కథతో కూడా సరిచూసుకోండి. మీ దగ్గర అదనపు కాపీ ఏదైనా పోగైతే, అమ్మే ముందు కథానిలయంలో ఆ సంచిక ఉందో లేదో అడగండి. మాస్టారు ఊరూరా తిరిగి, ఉత్తరాలు రాసి పోగుచేసిన సంపద అది. మనలాంటివాళ్ళు ఎప్పటికప్పుడు చేరుస్తూ ఉంటేనే నిండుతుంది.

వయసు తెలిసింది. ఇప్పుడు పేజీలన్నీ ఉన్నాయా? మధ్యలో పిన్ను కొట్టిన పత్రికలో ఒక్కొక్క కాగితం రెండు ఆకులవుతుంది, అంటే నాలుగు పేజీలు. పిన్నుల దగ్గర నడిమధ్య తెరిచి, ఎదురెదురుగా ఉన్న రెండు పేజీల నంబర్లు కూడండి. 32, 33 ఉన్నాయనుకుందాం. మొత్తం 65, అందులోంచి ఒకటి తీస్తే 64. ఆ సంచికకు అరవై నాలుగు పేజీలన్నమాట, చివరి పేజీలు పోయినా సరే ఈ లెక్క తప్పదు. ఒకే కాగితం ఒక వైపున ఉండే రెండు పేజీలు కూడితే ఎప్పుడూ ఆ 65 వస్తుంది. అందుకే 9, 10 పేజీలు చిరిగిపోయి కనిపిస్తే వెంటనే 55, 56 చూడాలి. వాటి జోడీ పోయింది కాబట్టి అవి పిన్ను నుంచి ఊడి జారిపోయి ఉంటాయి. కొన్ని పత్రికలు అట్టను కూడా కలిపి నంబర్లు వేస్తాయి, పక్కనుంచి కుట్టినవాటికి ఈ పద్ధతి పనిచేయదు. ఆ రెండు తప్ప మిగతాచోట్ల ధైర్యంగా వాడండి.

వారపత్రికల్లో పేజీలు పోవడానికి ఇంకో పెద్ద కారణం సీరియళ్ళు. నచ్చిన సీరియల్ పేజీలను వారం వారం చింపి, చివర్లో బైండు చేయించుకుని నవలలా దాచుకోవడం ఒకప్పుడు ఇంటింటా ఉన్న అలవాటు. అందువల్ల పూర్తి వారపత్రిక దొరకడం కష్టం, చింపిన సీరియల్ బైండు దొరకడం తేలిక. అటువంటి బైండు దొరికితే తీసి పెట్టుకోండి. మీ దగ్గరున్న లోటు సంచికకు పోయిన పేజీలు అందులో ఉండవచ్చు. అయితే ఆ బైండు విప్పి పేజీలు పీకకండి. ఎవరో ఇల్లాలు ఏడాదిపాటు ఓపిగ్గా కూర్చిన వస్తువు అది. దానికి దానిగానే విలువ ఉంది. స్కాన్ చేసుకుంటే సరిపోతుంది.

వేటకు ఎప్పుడు వెళ్ళాలి? దసరా ముందు, భోగి ముందు. విజయనగరంలో విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఊరి ఆడపడుచులు, అల్లుళ్ళు వస్తారు, ఇళ్ళకు సున్నాలు వేస్తారు, అటకలు దులుపుతారు. అప్పుడే పాత పుస్తకాలు కిందికి దిగుతాయి. దిగినవి మళ్ళీ ఎక్కడం అరుదు, తూకానికి పోతాయి. భోగి మరీ కఠినం. తూకానికి పోయినదాన్ని కొట్టులో వెతికి పట్టుకోవచ్చు, మంటలో వేసినది ఎక్కడా దొరకదు. డిసెంబరు మొదటి వారం నుంచే తెలిసిన ప్రతి ఇంట్లోనూ చెప్పి పెట్టండి. “పిన్నిగారూ, భోగికి పాత పుస్తకాలేవైనా తీస్తే మంటలో వెయ్యకండి, నాకు ఒక్క ఫోన్ చెయ్యండి, నేనే వచ్చి చూసుకుంటాను” అంటే చాలు. ఈ ఒక్క మాట వల్ల బతికే సంచికలు డబ్బుతో కొనేవాటికన్నా ఎక్కువ ఉంటాయని నా నమ్మకం.

పాత పేపర్ల కొట్టాయనతో స్నేహం వేరే రకం. “ఏటి బాబూ, ఈ కాగితాల్లో ఏటుందని?” అని అడుగుతాడు. దాచకుండా చెప్పండి. ఒక పాత సంచిక చేతిలో పెట్టి, ఇలాంటివి వస్తే పక్కన పెట్టు, తూకం రేటుకన్నా బాగా ఎక్కువిస్తానని చెప్పండి. చెప్పిన మాట ప్రకారం ఇవ్వండి, మీకు అక్కర్లేనివి తెచ్చినా ఆ మొదటిసారి కొనండి. పిన్నులు ఊడదీయొద్దని, తాడుతో బిగించి కట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. తాడు కోతకు అంచులు తెగిపోతాయి.

ఇళ్ళలో బేరం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్దాయన పోయాక పిల్లలు విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చి ఇల్లు ఖాళీ చేస్తుంటారు. వాళ్ళకు ఆ పత్రికల విలువ తెలియదు. తెలియదు కదా అని కిలోల లెక్కన పట్టుకుపోవద్దు. అవి ఏమిటో, ఎందుకు అరుదో విడమరిచి చెప్పండి. ఆ ఇంట్లో ఎవరి కథో, ఉత్తరమో, బహుమతి పొందిన వ్యాఖ్యో అందులో అచ్చయి ఉందేమో వాళ్ళ ఎదుటే వెతకండి. ఉంటే ఆ సంచిక వాళ్ళకే వదిలేసి ఫోటో తీసుకోండి. మీ పట్టీలో గడి ఇంకొన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది, ఫరవాలేదు.

విజయవాడ అలంకార్ దగ్గరి దుకాణాలకూ, హైదరాబాద్ అబిడ్స్ ఆదివారం సంతకూ వెళ్ళడం తర్వాత మాట్లాడుకుందాం. అక్కడ అమ్మేవాళ్ళకు ధర తెలుసు, మన ఊళ్ళో వెతకడం వేరు, అక్కడ కొనడం వేరు.

ఈ పాఠానికి అభ్యాసం. ఇంట్లో ఉన్న ఏ పాత పత్రికైనా తీసుకుని, అట్టను కాగితంతో పూర్తిగా మూసేయండి. ధర, చిరునామా, సంవత్సరం పేరు, ఫారం 4, పోటీల తేదీలు, ప్రకటనలు ఒక్కొక్కటిగా చూసి తేదీ ఊహించి రాయండి. ఏ ఆధారం మిమ్మల్ని ఎంత దగ్గరికి తీసుకెళ్ళిందో పక్కన రాసుకుని, అప్పుడు అట్ట తెరవండి. తర్వాత మధ్య పేజీల లెక్కతో మొత్తం పేజీలు తేల్చి, ఏవైనా పోయాయేమో చూడండి. వేర్వేరు దశాబ్దాల పత్రికలతో ఇలా చేస్తే ఇంకా మంచిది.

నాలుగో పాఠంలో తడిసిన, చెదలు పట్టిన సంచికల సంగతి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపానుల్లో మన వైపు తడిసిన కాగితాలు ఇప్పటికీ అతుక్కుని కట్టలుగానే బయటపడుతున్నాయి. అప్పటిదాకా అటువంటి కట్ట ఏదైనా చేతికొస్తే బలవంతంగా విడదీయకండి, ఎండలో పెట్టకండి, సెల్లో టేపు అసలు అంటించకండి. నీడలో, గాలి తగిలేచోట, శుభ్రమైన తెల్ల కాగితంలో చుట్టి ఉంచండి.