సాయంత్రం ఏడుపుకు మందు వేయలేదు

నెలన్నర వయసులో మా పాపకు దీపాలు పెట్టే వేళకు ఏడుపు అందుకునేది. కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి, ముఖం కందిపోయేదాకా. తిరుపతి ఎండలకు ఉక్కపోతేమో అనుకున్నాం, కాదు. అత్తగారు వాము నీళ్లు పట్టమన్నారు, పక్కింటి అవ్వ వస అరగదీసి నాకించమంది. పిల్లల డాక్టరు రెండూ వద్దన్నారు: బరువు బాగా పెరుగుతోంది, ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు, ఈ ఏడుపు ఆరు వారాలప్పుడు ముదిరి మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది.

బాగా పనిచేసింది ముంజేతి పట్టు. పాపను బోర్లా నా ముంజేతిపై పడుకోబెట్టి, తల మోచేతి మడతలో కాస్త పక్కకు తిప్పి, అరచేయి తొడల మధ్య ఆనించి, రెండో చేత్తో వీపు నిమురుతూ వరండాలో మెల్లగా నడిచేదాన్ని. పాలు తాగాక భుజాన నిటారుగా ఎత్తుకుని త్రేన్పు తెప్పించడం మాత్రం మానలేదు. పాత టేబుల్ ఫ్యాను రొద కూడా జోలపాటకన్నా నయమే! నిద్రపోయాక వెల్లకిలానే పడుకోబెట్టాలి.

నా ఓపిక చచ్చినప్పుడు మా ఆయనకు అప్పగించి డాబా ఎక్కేసేదాన్ని. జ్వరం, పచ్చటి వాంతి, మలంలో రక్తం, పాలు తాగకపోవడం ఉంటే ఈ పట్టులేవీ కాదు, వెంటనే ఆసుపత్రికే.