లాన్‌లో కలుపు మందు కొట్టే ముందు

తడి తగిలి పచ్చిక తేరుకునే రోజుల్లోనే పులిచింత, గలిజేరు, గడ్డి చామంతి కూడా దుబ్బులు కడతాయి. చేత్తో పీకి పీకి విసిగిపోయినవాళ్లు అప్పుడే కలుపు మందు కోసం చూస్తారు. గడ్డిని వదిలేసి వెడల్పాకు కలుపును మాత్రమే చంపే మందులు ఉన్నమాట నిజమే. అయితే ఆ మందుకు గడ్డి తప్ప మిగతావన్నీ కలుపే. మీ టమాటా, మీ గులాబీ, పక్కింటివాళ్ల చిక్కుడు పాదు, దేన్నీ వదలదు. సీసా మూత తీసే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలా నష్టాలు తప్పుతాయి.

ఎందుకలా అంటే, 2,4-డి, డైకాంబా, మెకోప్రాప్ లాంటివి మొక్కల్లో పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోన్‌లా పనిచేస్తాయి. వెడల్పాకు మొక్క ఆ తాకిడిని తట్టుకోలేక అడ్డదిడ్డంగా పెరిగి, కాడలు మెలికలు తిరిగి చచ్చిపోతుంది. గడ్డి జాతిలో మందు లోపలికి అంతగా పారదు, పారినదాన్ని కూడా గడ్డి త్వరగా విచ్ఛిన్నం చేసేసుకుంటుంది.

ఒక ఏడాది నేను లాన్‌కు వాడిన స్ప్రేయర్‌నే ఒక్కసారి నీళ్లతో తొలిచి, అందులోనే టమాటాలకు వేపనూనె కలిపి కొట్టాను. నాలుగు రోజులకు లేత ఆకులు తాడు పేనినట్టు సన్నబడ్డాయి, ఈనెలన్నీ దగ్గరికి వచ్చేశాయి, తొడిమలు కిందికి వంగిపోయాయి. వైరస్ తెగులేమో అనుకున్నాను. అది ట్యాంకు గోడకూ గొట్టానికీ వాషర్‌కూ అంటుకుని మిగిలిన కలుపు మందు. అంత కొంచెమే చాలు టమాటాకు. పత్తి, ద్రాక్ష కూడా అంతే సున్నితం. అప్పటినుంచి కలుపు మందుకు వేరే స్ప్రేయర్ పెట్టుకున్నాను, దాని మీద పెయింటుతో పెద్దగా ‘కలుపు’ అని రాశాను. మీరూ అలాగే చేయండి. రెండో స్ప్రేయర్ ఖర్చు దండగ కాదు.

కొనేటప్పుడు లేబుల్ మీద మీ గడ్డి రకం పేరు ఉందో లేదో చూడండి. సెయింట్ అగస్టీన్ లాంటి వెడల్పాటి పచ్చికకు 2,4-డి దెబ్బ గట్టిగానే తగులుతుంది. కొత్తగా వేసిన లాన్ అయితే మూడు నాలుగు కోతలు పడేదాకా ఆగాలి. తుంగ చూడటానికి గడ్డిలా ఉన్నా వేరే జాతి, దానికి ఈ మందు సరిగా పనిచేయదు, వేరే మందు కావాలి. మరో ముఖ్యమైన మాట: గ్లైఫోసేట్ కూడా కలుపు మందే, కానీ అది పచ్చికతో సహా మొత్తం మాడ్చేస్తుంది. సీసా మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి.

ఇక వాతావరణం. గాలి గట్టిగా వీచేటప్పుడు కొట్టకూడదని అందరికీ తెలుసు. గాలి బొత్తిగా లేని తెల్లవారుజామున కూడా కొట్టకూడదని చాలామందికి తెలియదు. ఆ వేళ నేల దగ్గర చల్లగాలి కదలకుండా నిలిచిపోతుంది, సన్నటి తుంపర అందులోనే తేలుతూ ఎటో పోయి ఎవరి మొక్కల మీదో దిగుతుంది. ఎండ కాస్త పైకి వచ్చి, ఆకులు మెల్లగా కదులుతున్న వేళ మంచిది. ఆ గాలి మీ పూలమొక్కల వైపు మాత్రం వీచకూడదు. ఎండ 30 డిగ్రీలు దాటితే మానుకోండి. మందు ఆవిరై ఎగురుతుంది, గడ్డి కూడా కమిలిపోతుంది. 2,4-డి ఎస్టర్, అమైన్ సాల్ట్ అనే రూపాల్లో వస్తుంది. ఎస్టర్ రకం ఇలా ఆవిరవడంలో ముందుంటుంది, ఇళ్ల మధ్య అమైన్ సాల్ట్ రకమే మేలు. నాజిల్‌ను నేలకు దగ్గరగా పట్టి, తక్కువ ఒత్తిడితో పెద్ద బొట్లు పడేలా కొట్టండి.

మోతాదు కంటితో చూసి పోయొద్దు. ముందు ఉత్త నీళ్లు నింపి 10 చదరపు మీటర్లు కొట్టి, ఎన్ని నీళ్లు పట్టాయో కొలవండి. ఆ లెక్క మీద లేబుల్ చెప్పినంతే కలపండి. ఎక్కువ పోస్తే పై ఆకు ముందే మాడిపోతుంది, మందు వేరుదాకా దిగదు, కలుపు మళ్లీ చిగురిస్తుంది. చెట్ల వేళ్లున్న చోట డైకాంబా ఉన్న మందు జోలికి పోకండి, అది నేలలోకి దిగి వేళ్లకు అందుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం చిక్కటి మందును కలిపే ఆ రెండు నిమిషాలే. అమైన్ రకం కంట్లో పడితే తీవ్రమైన గాయం అవుతుంది. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు, నైట్రైల్ గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, బూట్లు లేకుండా మూత తీయొద్దు. కంట్లో పడితే 15 నిమిషాలకు తగ్గకుండా నీళ్లతో కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాత లేబుల్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పొరపాటున మింగితే బలవంతంగా వాంతి చేయించొద్దు. మిగిలిన మందును నీళ్ల సీసాలోకో కూల్‌డ్రింక్ సీసాలోకో ఎప్పుడూ మార్చొద్దు.

కొట్టడానికి రెండు రోజుల ముందు, తర్వాత రెండు రోజులు గడ్డి కోయొద్దు. మందు దిగడానికి ఆకు కావాలి. ఒక రోజు వాన, తడి తగలకుండా చూసుకోండి. పూర్తిగా ఆరేదాకా పిల్లల్నీ కుక్కల్నీ అటు రానివ్వొద్దు. తర్వాత మొదటి మూడు నాలుగు కోతల గడ్డిని కంపోస్టులో వేయొద్దు, కూరగాయల మొదళ్లలో పరచొద్దు.

రెండో రోజుకే కలుపు కాడలు మెలితిరగడం కనిపిస్తుంది, పూర్తిగా ఎండడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా చావలేదని మళ్లీ కొట్టొద్దు. మిగిలిన ఒకటి రెండు మొక్కలను తడి నేలలో వేరుతో సహా చేత్తో లాగేస్తే సరిపోతుంది.