జాంచి గుక్సు రసంలో చేదు ఎలా పోయిందంటే

సోల్‌లో తిన్న జాంచి గుక్సు (ఎండు నెత్తళ్ల రసంలో వేసే కొరియా నూడుల్స్) తేటగా, తేలికగా ఉండేది. ఇంట్లో చేస్తే రసం చేదు, పైగా నీచువాసన. అల్లం, వెల్లుల్లి, ఇంకాసేపు మరిగించడం: ఏదీ పనిచేయలేదు.

చివరికి కుదిరింది ఇలా. 15 పెద్ద ఎండు నెత్తళ్లకు తలలు, కడుపులోని నల్లటి పేగులు తీసేశాను. విసుగు పనే, కానీ చేదంతా అక్కడే. నూనె లేకుండా 2 నిమిషాలు వేయించి, లీటరు చన్నీళ్లలో అరచేతి అంత దాషిమా అనే ఎండు సముద్రపు నాచుతో పొయ్యి మీద పెట్టాను. మరుగు రాగానే నాచు తీసేశాను, ఉంచితే జిగురొస్తుంది. మూత లేకుండా మరో 10 నిమిషాలు మరిగించి, వడకట్టి, కాస్త సోయా సాస్ కలిపాను. సోమ్యోన్ అనే సన్నటి గోధుమ నూడుల్స్‌ విడిగా ఉడికించి, చన్నీళ్లలో చేత్తో రుద్ది కడిగాను. లేకపోతే పిండి దిగి రసం మడ్డిగా అవుతుంది.

చిన్న నెత్తళ్లయితే ఇంత పని అక్కర్లేదేమో. ఉప్పు పట్టించినవైతే మాత్రం సోయా సాస్ చివర్లో, రుచి చూసి వేయండి.