పికప్ వెనక ఎత్తు పెంచాక వచ్చిన వణుకు, ఇలా పోయింది

పలాస జీడితోటల మట్టిదారుల్లో అడుగు తగలకూడదని పికప్ వెనక, పట్టీల స్ప్రింగయిన కమాన్‌కీ ఇరుసుకీ మధ్య 2 అంగుళాల ఇనుప దిమ్మలు పెట్టి పొడవాటి యూ బోల్టులు బిగించాం. కమాన్లు పాతవే, ఖర్చు తక్కువ. కానీ వేగం గంటకు 50 కి.మీ. దాటితే అడుగునుంచి వణుకు మొదలైంది.

ఇరుసు కిందికి జరిగితే, గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక ముక్క వాలు పెరుగుతుంది, దాని కొసల్లో ఉండే క్రాస్ జాయింట్లు ఆ కోణంలో సాఫీగా తిరగవు. షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ బ్రాకెట్‌కీ ఛాసిస్‌కీ మధ్య 10 మి.మీ. ప్లేట్లు, పొడవు బోల్టులు వేసి బేరింగ్ దించాం. వణుకు పోయింది.

వణుకు కన్నా భయపడాల్సింది బ్రేకు గురించి. బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడి సర్దే వాల్వు ఉన్న బండిలో, ఆ వాల్వు ఇరుసుకు తగిలించిన కడ్డీతో బండి ఎత్తు చూసి బరువు అంచనా వేస్తుంది, ఎత్తు పెరగగానే బండి ఖాళీ అనుకుంటుంది. జీడిపిక్కల బస్తాలు నిండా ఉన్నా వెనక బ్రేకు తక్కువే పడుతుంది. అందుకే ఇరుసు వైపు దాని కడ్డీ బ్రాకెట్‌నీ 2 అంగుళాలు పైకి సర్దాలి. బ్రేకు గొట్టం బిగుసుకోకుండా చూడండి.

కమాన్ పట్టీల్ని మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తల దిమ్మ గుంటలో కూర్చోవాలి. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు. 100 కి.మీ. తిరిగాక నట్లు ఎదురెదురుగా మళ్లీ బిగించాలి. దిమ్మ మీద దిమ్మ, ముందు ఇరుసుకు దిమ్మ అసలొద్దు. లోడు సామర్థ్యమైతే కిలో కూడా పెరగదు. వెనక లేవడంతో హెడ్‌లైట్ వెలుగు దగ్గరే పడుతుంది, దాన్నీ పైకి సర్దుకోండి.