చెప్పినా మారడం లేదా? ఆఫీసులో ఫీడ్‌బ్యాక్ ఎక్కడ తెగిపోతోందో చూడండి

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ టీముల్లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను, అందులో సగం కాలం లీడ్‌గా. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది: చెప్పే మాటలో ఫలానా రోజు జరిగిన ఫలానా పని కనబడకపోతే, వినేవాళ్లకు అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తియ్యగా చెప్పినా అంతే, గద్దించి చెప్పినా అంతే. కింద రాసినవి నేను పడిన, పక్కనుండి చూసిన ఇబ్బందులు. మీది ఏదో అక్కడికే నేరుగా వెళ్లి చదవండి.

సమస్య: "సరే అన్నా" అన్నాడు, మూడు నెలలైనా ఏం మారలేదు

కారణం: పని గురించి చెప్పాల్సిన చోట గుణం గురించి చెప్పాం. "ప్రోయాక్టివ్‌గా ఉండాలి", "ఓనర్‌షిప్ లేదు", "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలి". అప్రైజల్ ఫారాల నిండా ఇవే. ఇలాంటి మాటకు వినేవాళ్లు తమ భయాన్ని బట్టి అర్థం చెప్పుకుంటారు.

నా టీములో ఒక కుర్రాడు ఉండేవాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, పనిలో మంచి చురుకు. "కమ్యూనికేషన్ మీద కొంచెం దృష్టి పెట్టు" అని చెప్పి నా బాధ్యత తీరిందనుకున్నాను. నా మనసులో ఉన్నది చాలా చిన్న సంగతి. బుధవారానికి ఇస్తానన్న పని ఎక్కడో ఆగిపోతే, బుధవారం సాయంత్రం నేనడిగేదాకా చెప్పేవాడు కాదు. సోమవారమే చెబితే ఇంకొకరిని సాయం పెట్టేవాణ్ణి. అతను విన్నది వేరు. నాలుగు నెలల తర్వాత ఒకరోజు టీ తాగుతూ చెప్పాడు, రోజూ పొద్దున ఆరున్నరకు అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు వెళ్లి, అక్కణ్ణుంచి మెట్రోలో ఆఫీసుకు వస్తున్నాడట. బ్యాగులోంచి రెండొందల పేజీల నోట్‌బుక్ తీసి చూపించాడు. ఎడమ పేజీలో తెలుగు వాక్యం, కుడి పేజీలో ఇంగ్లిష్, తప్పులున్న చోట ఎర్ర పెన్నుతో దిద్దుబాట్లు. దాదాపు నిండిపోయింది. ఆ నాలుగు నెలలూ ఆలస్యాల సంగతి మాత్రం చివరి గంటలోనే చెబుతూ వచ్చాడు. ఎందుకంటే లోపం అక్కడుందని నేను అతనికి చెప్పనే లేదు.

పరిష్కారం: నోరు తెరిచే ముందు మూడు సంగతులు కాగితం మీద పెట్టండి. ఎప్పుడు, ఎక్కడ జరిగింది? వాళ్లు ఏం చేశారు, ఏమన్నారు? దానివల్ల ఎవరికి ఏమైంది? అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ దీన్నే సందర్భం, ప్రవర్తన, ప్రభావం అనే వరసలో నేర్పుతుంది. మూడూ రాయలేకపోతే ఆ మాట చెప్పడానికి మీరింకా సిద్ధంగా లేనట్టే. ఆ కుర్రాడికి నేను చెప్పాల్సిన మాట ఇది:

"మొన్న బుధవారం రిపోర్ట్ స్క్రీన్ కాలేదని సాయంత్రం ఐదింటికి చెప్పావు. ఆరింటికి క్లయింట్ కాల్. వాళ్లడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇకనుంచి పని జారుతోందని అనుమానం రాగానే అదే రోజు నాకో మెసేజ్ పెట్టు. తెలుగులో పెట్టినా సరే."

చెప్పాక "అర్థమైందా?" అని అడక్కండి. పెద్దవాళ్ల ముందు ఆ ప్రశ్నకు మన దగ్గర ఒకటే జవాబు. "రేపటి నుంచి ఏం మారుస్తావు?" అని అడగండి. వాళ్ల నోటి నుంచి వచ్చే వాక్యంలో మీ మాట ఎంతవరకు చేరిందో తెలిసిపోతుంది.

మెచ్చుకోవడానికీ ఇదే లెక్క. "గుడ్ జాబ్" అంటే ఆ పూటకు సంతోషిస్తారు. "శుక్రవారం రాత్రి కొత్త కోడ్ రిలీజ్ ఆపి లాగ్స్ (సిస్టమ్ రాసుకునే రికార్డులు) చూశావు, దానివల్ల శనివారం బిల్లింగ్ ఆగకుండా నడిచింది" అంటే మళ్లీ అవసరమైనప్పుడు ధైర్యంగా రిలీజ్ ఆపుతారు.

సమస్య: ఏడాదంతా "బాగుంది" అన్నారు, రేటింగ్ మాత్రం పడిపోయింది

కారణం: మొహమాటంతో వాయిదా వేశారు, లేదా చెప్పాల్సింది ఫైల్లోనే ఉండిపోయింది. ఇది ఎంత నష్టం చేస్తుందో దేవ్ దత్ కేసు చెబుతుంది. సరిహద్దు రహదారుల విభాగంలో ఇంజనీరు ఆయన. 1993-94 వార్షిక రిపోర్టులో ఆయనకు "గుడ్" అని రాశారు. పదోన్నతికి అంతకుముందు ఐదేళ్లూ "వెరీ గుడ్" ఉండాలి. తప్పు పట్టినట్టు కనిపించని ఆ ఒక్క మాటే అడ్డం పడింది. అలా రాశారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. 2008 మేలో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా రిపోర్టులో రాసిన ప్రతి మాటా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనంది. 2009 నాటి ఉత్తర్వుల ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వార్షిక రిపోర్టు గ్రేడుతో సహా మొత్తం చూపించాలి. అభ్యంతరముంటే 15 రోజుల్లో రాసివ్వొచ్చు. ప్రైవేటు ఆఫీసులో అంతటి రక్షణ లేదు. అక్కడ మన అలవాట్లే దిక్కు.

పరిష్కారం: చెప్పేవాళ్లు జరిగిన వారంలోనే చెప్పాలి. అప్రైజల్ గదిలో కొత్త సంగతి ఒక్కటీ వినిపించకూడదు. వినేవాళ్లు మూడు నెలలకోసారి తామే అడగాలి: "ఇవాళే రేటింగ్ ఇవ్వాల్సివస్తే ఎంతిస్తారు? ఒక మెట్టు పైకి రావాలంటే నా పనిలో మీకు ఏం కనబడాలి?" వచ్చిన జవాబును నాలుగు వాక్యాల్లో మెయిల్ చేసి పెట్టుకోండి.

ఎంత అడిగినా మీ పనిలో ఒక్క లోపమూ చూపించలేకపోతే, అది ఇంతమందికి ఇంతే అనే కోటా లెక్క కావచ్చు. మైక్రోసాఫ్ట్ 2013లో ఆ పద్ధతి వదిలేసింది, కానీ చాలా చోట్ల ఇంకా ఉంది. అప్పుడు నాలో ఏ లోపముందా అని కుమిలిపోవద్దు. "ఇది నా పని వల్లనా, కోటా వల్లనా?" అని సూటిగా అడగండి.

సమస్య: చెప్పగానే ముఖం మాడిపోతుంది, లేదా వాదనకు దిగుతారు

కారణం ముందు చోటులో వెతకండి. పదిమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో, పొద్దున టీమంతా కలిసే చిన్న మీటింగ్ స్టాండప్‌లో ఒకరి తప్పెత్తితే వాళ్లకు వినబడేది తప్పు కాదు, పోయిన పరువు. చోటు సరైనదే అయితే మాట చూడండి. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాల నుంచి వందలకొద్దీ ఫలితాలు పోగేసి లెక్క కట్టారు. సగటున ఫీడ్‌బ్యాక్ పనిని మెరుగుపరిచింది. కానీ మూడోవంతుకు పైగా సందర్భాల్లో పని ఇంకా దిగజారింది. దృష్టి పని మీద నుంచి మనిషి మీదకు మళ్లేకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్ల వివరణ. "నీకసలు శ్రద్ధ లేదు" అన్నప్పుడు జరిగేది ఇదే. మనిషి తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు, ఇక కోడ్ ఎక్కడ చూస్తాడు?

పరిష్కారం: విడిగా కూర్చోబెట్టి, స్క్రీన్ మీద ఆ పనినే తెరిచి, ఇద్దరూ దానివైపు చూస్తూ మాట్లాడండి. ఎదురెదురుగా కూర్చోవడం కంటే పక్కపక్కన కూర్చోవడం నాకు ప్రతిసారీ పనిచేసింది. కళ్లలో నీళ్లు తిరిగితే ఆపండి, నీళ్లు తాగనివ్వండి, మర్నాడు కొనసాగించండి. చెప్పిన మాటను మాత్రం వెనక్కి తీసుకోకండి. నిజమైన లోపాన్ని "పర్లేదులే" అని కప్పేస్తే ఆ మనిషికి మనం చేసే అన్యాయమే.

సమస్య: ముందు పొగిడి, మధ్యలో తప్పు చెప్పి, మళ్లీ పొగిడాను. తప్పు సంగతి గుర్తే లేదంటున్నారు

రెండు పొగడ్తల మధ్య అది మునిగిపోయింది. మెచ్చుకోలు ఒకరోజు, దిద్దుబాటు ఇంకోరోజు చెప్పండి.

సమస్య: "ఏమైనా ఉంటే చెప్పండి" అంటే ఒక్కరూ నోరు విప్పరు

కారణం: పెద్దలకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో, బళ్లో నేర్చుకుని వచ్చినవాళ్లం. దానికి తోడు, ఇంతకుముందు చెప్పినవాళ్లకు ఏమైందో టీమంతా చూసే ఉంటుంది. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది, 158 మంది చనిపోయారు. దిగడం మానేసి మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ చెప్పినా కెప్టెన్ దిగడానికే చూశారని విచారణలో తేలింది. కింది స్థానంలో ఉన్నవారు గట్టిగా చెప్పడం, పై స్థానంలో ఉన్నవారు ఆగి వినడం పైలట్లకు శిక్షణలో భాగం. ఆఫీసుల్లో మనకది ఎవరూ నేర్పరు.

పరిష్కారం: ప్రశ్నను చిన్నది చేయండి. "నా గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "నిన్నటి ప్లానింగ్ మీటింగ్‌లో నేను ఒక్కటి మార్చుకోవాలంటే ఏది?" అంటే చెబుతారు. మొదటిసారి అడిగినప్పుడు మా టీములో ఒకమ్మాయి చాలాసేపు ఆలోచించి, "పనికి ఎన్ని రోజులు పడుతుందో మీ ఎస్టిమేట్ ముందే చెప్పేస్తారు సర్, తర్వాత మేం దానికి తగ్గట్టే చెబుతాం" అంది. ఆ వారం నుంచి నా అంకె చివర్లో చెప్పడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో ఇంకో ఇద్దరు వాళ్లంతట వాళ్లే వచ్చి మాట్లాడారు. మొదట విన్న మాటను అందరికీ కనబడేలా అమలు చేయడమే ఇక్కడ అసలు మందు. అది చెప్పినవాళ్ల మీద కినుక చూపిస్తే ఆ తలుపు ఏళ్లపాటు మూసుకుపోతుంది.

సమస్య: నన్ను అన్నారు, రాత్రంతా నిద్ర పట్టలేదు

కారణం: ఒక పని గురించిన మాటను మన బతుకంతటికీ ఇచ్చిన తీర్పుగా విన్నాం. ఇది అందరికీ జరిగేదే, సిగ్గుపడాల్సిన పనిలేదు.

పరిష్కారం: అక్కడికక్కడే ఒప్పుకోనూ వద్దు, కొట్టిపారేయనూ వద్దు. "ఇది ఎప్పుడు కనిపించింది, ఒక సందర్భం చెప్పండి" అని మాత్రం అడగండి. విన్నది వాళ్ల మాటల్లోనే రాసుకుని, "రేపు మాట్లాడతానండీ" అని లేవండి. మర్నాడు ఆ కాగితం చూసి రెండుగా విడదీయండి: జరిగింది ఒకవైపు, వాళ్ల అభిప్రాయం ఇంకోవైపు. జరిగింది నిజమైతే ఏం మారుస్తారో ఒక వాక్యంలో చెప్పండి. వాళ్లు పొరబడితే వివరాలు చూపించండి, గొంతు పెంచక్కర్లేదు. వాళ్లు సందర్భమే చెప్పలేకపోతే, వారం తర్వాత మళ్లీ ఒకసారి అడగండి.

సమస్య: ఇది ఫీడ్‌బ్యాకేనా అని అనుమానం

కులం, ప్రాంతం, యాస, రంగు, ఒంటి గురించిన మాటలు ఏ పనినీ బాగుచేయవు. అలాంటివి వింటే తారీఖు, చోటు, అన్న మాట, పక్కనున్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసిపెట్టుకుని పైవాళ్లకు మెయిల్‌లో పంపండి. ఆడవాళ్లతో అది లైంగిక వేధింపుగా మారితే 2013 చట్టం ఉంది: 10 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలలు గడువు పెంచవచ్చు.