పనికీ, గుట్టబాటకూ ఒకే జత బూట్లు: కొనేముందు జాగ్రత్తలు

వారమంతా పనికి తొడుక్కొని, ఆదివారం గండికోట లోయ అంచుకో ఓర్వకల్లు రాతి గుట్టలకో వెళ్లడానికి కూడా పనికివచ్చే బూట్లు కావాలనుకునేవారు అంగడికి సాయంత్రం పూట వెళ్లడం మంచిది. పగలంతా నిలబడి నడిచిన పాదం కొంత ఉబ్బుతుంది కనుక, ఉదయం సరిపోయిన జత సాయంత్రానికి బిగుసుకుపోవచ్చు. రోజూ వేసుకునే మేజోళ్లనే వెంట తీసుకువెళ్లాలి. రెండు పాదాలలో పెద్దదానికి తగిన కొలతనే ఎంచుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వేళ్ల ముందుండే ఖాళీ. నిలబడినప్పుడు అన్నిటికన్నా పొడవైన కాలివేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత చోటు మిగలాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. అంగడి మెట్లు దిగి చూసినప్పుడు వేళ్లు ముందుకు జారి బూటు కొనకు తగిలితే, గుట్ట దిగేటప్పుడు గోళ్లు కమిలి నల్లబడతాయి. ‘వాడగా వాడగా సాగుతుంది’ అనే మాటను నేనైతే నమ్మను.

నీరు చొరబడని పొర ఉన్న బూట్లు ఖరీదైనవే గానీ, వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప, అనంతపురం ఎండల్లో అవి చెమటను త్వరగా ఆరనివ్వవు. గాలి ఆడే జాలీ గుడ్డ నయం, అయితే సన్నని దుమ్ము లోపలికి చేరుతుంది. తుమ్మముళ్లున్న బాటలకు బూటు అడుగు మందంగా ఉండాలి. చేతితో వంచితే అది నడుమ కాక వేళ్ల మొదట్లో వంగాలి. నున్నని కడప బండలు పరిచిన నేల తడిసి ఉంటే లోతైన గాట్లున్న బూట్లు కూడా జారవచ్చు కాబట్టి, అడుగు రబ్బరు గట్టి ప్లాస్టిక్‌లా ఉండకుండా చూసుకోవాలి.

కొన్నాక వారం రోజులు ఇంట్లోనే తొడిగి తిరగాలి, అంతవరకు బిల్లు పారేయకూడదు.