ఏసీ స్మార్ట్ థర్మోస్టాట్ ఊరికే ఆగిపోతోందా? ముందు కరెంటు సంగతి చూడండి

భీమవరం, అమలాపురం చుట్టుపక్కల ఇప్పుడు చాలామంది స్ప్లిట్ ఏసీకి ఎదురుగా గోడ మీద ఒక చిన్న స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టుకుంటున్నారు. రిమోట్ పంపే సిగ్నల్‌నే అదీ పంపుతుంది, గదిలో వేడిని బట్టి ఏసీని తనే వేసి తనే ఆపుతుంది. మే నెల రాగానే మొదలవుతుంది గోల. స్క్రీన్ ఆరిపోతుంది, దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, యాప్‌లో చూస్తే ఆఫ్‌లైన్. వెంటనే పాడైందనుకుని వెనక్కి పంపేయకండి, మన దగ్గర ఎక్కువసార్లు తేడా వచ్చేది దానికి అందే కరెంటులోనే.

యూట్యూబ్‌లో వెతికితే "సీ వైరు లాగండి" అనే వీడియోలే వస్తాయి. అవి అమెరికా ఇళ్లకి. అక్కడ ఇల్లంతటికీ ఒకే కూలింగ్, హీటింగ్ యంత్రం ఉంటుంది, దాని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 24 వోల్టులు సన్నటి వైర్లలో థర్మోస్టాట్‌కి వస్తాయి, వాటిలో కరెంటు తిరిగి వెళ్లే దారి సీ (కామన్) వైరు, అది లేకపోతే కరెంటు సరిగా అందక థర్మోస్టాట్ ఆరిపోతుంటుంది. డాలస్‌లో ఉన్న మీ అబ్బాయి ఫోన్లో ఆ సలహా ఇస్తే ఆ ఇంటికి అది కరెక్టే. మన గోడ మీద ఉన్నదానికి వచ్చేది మామూలుగా యూఎస్‌బీ చార్జర్ నుంచి 5 వోల్టులే.

కాబట్టి ముందు చార్జర్ చూడండి. దాని మీద చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉంటుంది, అంటే ఇంట్లో వోల్టేజీ 170కి పడినా మంచి చార్జర్ పనిచేస్తూనే ఉండాలి. ఒట్టి లో వోల్టేజీకే థర్మోస్టాట్ ఆరిపోతోందంటే ఆ చార్జర్ నాసిరకమైనా అయ్యుండాలి, లేదంటే ఎక్కడో లూజ్ కనెక్షన్ వల్ల కరెంటు రెప్పపాటు పోయి వస్తూ ఉండాలి. టీవీ వెనక యూఎస్‌బీకి తగిలించినవాళ్లూ ఉన్నారు, టీవీ ఆపితే అదీ ఆగకేం చేస్తుంది! కేబుల్ మూడు మీటర్ల సన్నటిదైనా ఇబ్బందే, వైఫై సిగ్నల్ పంపేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజీ చాలక రీసెట్ అయిపోతుంది.

తేల్చుకోవడానికి ఒక రాత్రి దాన్ని పొట్టి కేబుల్‌తో పవర్ బ్యాంకుకి పెట్టి చూడండి. ఆగకుండా నడిస్తే థర్మోస్టాట్ బాగానే ఉంది, లోపం చార్జర్‌లోనో పాత కేబుల్‌లోనో ఇంటి కరెంటులోనో ఉంది. కొన్ని పవర్ బ్యాంకులు లోడ్ మరీ తక్కువైతే వాటంతటవే ఆఫ్ అయిపోతాయి, అది చూసి కంగారుపడకండి.

తర్వాత ఏ సమయంలో ఆగుతోందో గమనించండి. సరిగ్గా కంప్రెసర్ ఎక్కినప్పుడే ఆగి, అదే క్షణంలో లైటు కూడా మిణుకుమంటుంటే వైరింగ్ చూడాలి. ఒకటిన్నర టన్ను ఏసీకి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంప్స్ సాకెట్ ఉంటే బెంగ ఉండదు. ఏసీ గంట నడిచాక ఆపి, ప్లగ్ తీసి చూడండి. పిన్ను కాలినట్టు నల్లబడినా, సాకెట్ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా లోపల లూజుగా ఉన్నట్టే. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో స్విచ్ బోర్డు విప్పితే స్క్రూ దగ్గర రాగికి పచ్చగా చిలుము పట్టి కనిపిస్తుంది, పైకి బిగువుగానే ఉన్నట్టుంటుంది కానీ కరెంటు సరిగా పోదు. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత వైరు కొస కత్తిరించి కొత్తగా బిగించుకోవాలి. ఈ పని మీరు చేయకండి.

ఇల్లంతా ఒకేసారి మిణుకుమంటుంటే సంగతి స్తంభం దగ్గర ఉండొచ్చు. కోనసీమలో గాలి వీస్తే కొబ్బరి మట్టలు లైనుకి రాసుకుంటాయి, ఇది మనకి కొత్తేం కాదు. ఉండి, ఆకివీడు వైపు రాత్రిళ్లు చెరువుల్లో ఆక్సిజన్ పడిపోకుండా ఏరేటర్లు తిరుగుతుంటాయి, మీ ఇల్లూ అవీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటే తెల్లవారుజాము దాకా వోల్టేజీ ఈడుస్తూనే ఉంటుంది. 230 రావాల్సిన చోట ఎంత వస్తోందో మల్టీమీటర్‌తోనో స్టెబిలైజర్ మీదో చూసి టైముతో సహా రాసి పెట్టుకోండి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసినప్పుడు "లో వోల్టేజీ అండి" అంటే ఒక తీరు, "రాత్రి 10కి 165 ఉందండి" అంటే ఇంకో తీరు.

ఒకటి మాత్రం అస్సలు ఆలస్యం చేయకూడదు. కొన్ని లైట్లు మామూలుకన్నా ప్రకాశంగా వెలిగి, ఫ్యాన్లు జోరందుకుని, కొన్ని మాత్రం డల్‌గా ఉంటే న్యూట్రల్ ఊడి ఉండొచ్చు. మెయిన్ వెంటనే ఆపేసి లైన్‌మన్‌ని పిలవండి, లేకపోతే థర్మోస్టాట్ ఒక్కటే కాదు, టీవీ, ఫ్రిజ్ కూడా పోతాయి.

ఇక ఇన్వర్టర్. థర్మోస్టాట్ చార్జర్, వైఫై రౌటర్ రెండూ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి, ఒకటి ఉండి ఒకటి లేకపోతే ఉపయోగం లేదు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వేస్తే కరెంటు పోయినా రౌటర్ ఆగకుండా వెంటనే బ్యాటరీకి మారుతుంది. కానీ చాలా ఇన్వర్టర్లు ఆ మోడ్‌లో మెయిన్ వోల్టేజీ సుమారు 180 కంటే తక్కువకి పడితే చాలు బ్యాటరీ మీదకి వెళ్లిపోతాయి, లో వోల్టేజీ ఉన్న ఊళ్లో రాత్రంతా అలాగే నడిచి తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. అలాంటి చోట మామూలు మోడే నయమని నా అభిప్రాయం, కరెంటు పోయినప్పుడు రౌటర్ ఒకసారి రీస్టార్ట్ అయితే అవనివ్వండి.

కరెంటు వచ్చాక థర్మోస్టాట్ ఆన్ అని చూపిస్తూ ఏసీ మాత్రం ఆగే ఉందంటే కంగారు లేదు. అది సిగ్నల్ పంపుతుందే గానీ ఏసీ నిజంగా నడుస్తోందో లేదో చాలా మోడళ్లలో దానికి తెలియదు. ఏసీలో ఆటో రీస్టార్ట్ ఉంటే ఆన్ చేసుకోండి, స్టెబిలైజర్ కరెంటు వదలడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది కాబట్టి ఐదు నిమిషాలాగి యాప్‌లో ఒకసారి ఆపి మళ్లీ వేయండి.